ఐతిహ్యం ఎవరు చెప్పారు?

తెలుగువాళ్ళు నలుగురు చేరినచోట కృష్ణదేవరాయల కథ ఒకటి రాక మానదు. ఉగాదికి మన పిల్లలచేత వేయించే నాటకాల్లో సగం భువనవిజయమే కదా. ఆ కథల్లో తిమ్మరుసు మేకకళ్ళ కథ చాలామంది విన్నదే. రాయలవారి అన్నగారు చావుబతుకుల్లో ఉండి, తన పసికొడుకు పట్టానికి అడ్డు లేకుండా తమ్ముడి కళ్ళు తీయించమన్నాడు. తిమ్మరుసు ఆ కుర్రవాణ్ణి దాచి మేక కళ్ళు తెచ్చి చూపించాడు. అన్న కన్నుమూశాడు, తమ్ముడు రాజయ్యాడు.

ఈ కథను రాయలు పోయిన కొద్ది ఏళ్ళకే, 1535 ప్రాంతంలో, కాగితం మీద పెట్టినవాడు తెలుగువాడు కాదు. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. బతుకుతెరువు కోసం పరాయిదేశం వచ్చి, అక్కడ విన్న కబుర్లు తన భాషలో రాసుకున్నవాడు. ఆ లెక్కన మనకు చుట్టమే. అతని రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో ఉండిపోతే 1897లో డేవిడ్ లోపెజ్ దాన్ని అచ్చువేయించారు. 1900లో రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషు చేసి తన విజయనగర చరిత్రలో చేర్చారు. నూనిజ్ దగ్గర ఈ కథకు రెండో సగం కూడా ఉంది. రాయలు తన చిన్న కొడుకును రాజును చేయడం, ఆ పిల్లవాడు జబ్బుపడి పోవడం, విషం పెట్టించారన్న అనుమానం తిమ్మరుసు ఇంటిమీదికి రావడం, చివరికి ఆ ముసలిమంత్రి కళ్ళే తీయించడం. రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఊరికే మంత్రి తెలివిని మెచ్చుకునే కథ కాదని తెలుస్తుంది. మన నాటకాల్లో ఈ రెండో సగం ఎందుకు ఆడమో చెప్పనక్కరలేదు.

వృత్తిరీత్యా మాకు తోచిన మాట ఒకటుంది. మేక కంటిపాప మనిషిదిలా గుండ్రంగా ఉండదు, అడ్డంగా సాగిన పట్టీలాగ ఉంటుంది. మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం కుర్రవాడు కూడా ఆ పళ్ళెం చూడగానే పట్టేస్తాడు. చావబోయే రాజు అంత పరీక్షగా చూసి ఉండడనుకుందాం. అయినా ఇటువంటి పరీక్షలు పెట్టి ఐతిహ్యాన్ని కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. మాకు లోటుగా తోచేది వేరొకటి. నూనిజ్‌కు ఈ కథ ఎవరు చెప్పారు? గుర్రపుశాలలో సాహిణి చెప్పాడా, బేరం కుదిర్చే దుబాసీ చెప్పాడా? తిమ్మరుసు ఉప్పు తిన్నవాడు కన్నీళ్ళతో చెప్పాడా, ఆయన పడిపోతే సంతోషించినవాడు చెప్పాడా? చెప్పిన మనిషిని బట్టి కథ అర్థమే మారుతుంది. నూనిజ్ కథ రాశాడుగాని మనిషిని రాయలేదు. పాత రాతప్రతుల్లోని ఐతిహ్యాలను ఏరి పోగుచేసిన మన పెద్దలు కూడా, ఎంతో గొప్ప పని చేసి ఉండీ, ఎక్కువభాగం ఈ ఒక్క చోటే మనకు బాకీ పడ్డారని మా అభిప్రాయం.

శ్రీనాథుడి చివరిరోజుల సంగతే తీసుకుందాం. ఏనుగులెక్కి కనకాభిషేకాలు పొందిన మహాకవి ముసలితనంలో బొడ్డుపల్లె అనే ఊరు గుత్తకు తీసుకున్నాడనీ, కృష్ణ వరదకు పంట పోయిందనీ, మిగిలింది పిట్టల పాలైందనీ, ఏడువందల టంకాల శిస్తు కట్టలేక నలుగురిలో శిక్ష అనుభవించాడనీ చాటుపద్యాలు చెబుతున్నాయి. మన విమర్శకులు ఇందులో రెండే ప్రశ్నలు వేశారు. ఇవి శ్రీనాథుడు స్వయంగా చెప్పినవా? ఆయన నిజంగా అంత దీనస్థితికి వచ్చాడా? మా కంటికి ముందు కనిపించేది ఆ ఏడువందల టంకాల అంకె. గుత్తదారు భయం, వరద వచ్చినా తగ్గించని శిస్తు, భుజం మీద బండ పెట్టించే శిక్ష. ఇవి ఒక్క కవికి వచ్చిన కష్టాలు కావు. ఈ పద్యాన్ని తరతరాలుగా నోట పెట్టుకున్నవాళ్ళలో గుత్త కట్టలేక అదే బండ మోసినవాళ్ళు ఎందరుంటారో! వాళ్ళకు శ్రీనాథుడు సాక్షి. ఫలానా పద్యం ఫలానా ఊళ్ళో ఫలానా రైతు నోట వినబడింది అన్న ఒక్క వాక్యం దొరికి ఉంటే, అది సాహిత్యచరిత్రకే కాదు, ఊళ్ళ చరిత్రకూ ఆధారమయ్యేది.

చాటువులను పోగుచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారికి తెలుగుజాతి ఎంత రుణపడిందో వేరే చెప్పాలా? మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకశాలలో కూర్చుని తాళపత్రాల కట్టలు విప్పి, చివరి ఖాళీ ఆకుల మీద లేఖకులు తోచినట్లు గీకిన పద్యాలను కూడా వదలక ఏరి, చాటుపద్యమణిమంజరిగా కూర్చారు. ఆ పని ఆయన చేయకపోతే ఈనాడు మనం సభల్లో చెప్పుకునే పద్యాల్లో చాలా భాగం చెదలకు నైవేద్యమై ఉండేవి. అయితే ఆయన ప్రాణం పద్యం మీద ఉంది. పద్యాన్ని నిలబెట్టారు, పాఠం దిద్దారు, చుట్టూ ఉన్న వచనానికి ఆ మర్యాద దక్కలేదు. చాటువుకు సగం బలం సందర్భంలో ఉంటుంది. ఎవరు ఎవరిని ఏమని అడిగితే ఈ పద్యం వచ్చిందో తెలియకపోతే అది నవ్వు లేని హాస్యమే. 1998లో వెల్చేరు నారాయణరావుగారూ డేవిడ్ షూల్మనూ కలిసి చాటువుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేసినప్పుడు వాటిని చెప్పుకునే సమాజాన్ని ముందుకు తెచ్చారు. అది మేము హర్షించిన మార్పు. ఇక బూతు ఉందని పద్యం మధ్యలో చుక్కలు పెట్టే అచ్చు అలవాటు గురించి ఏమనాలి? రోగి చెప్పింది సిగ్గుగా ఉందని కేసుషీటులో చుక్కలు పెడితే ఆ వైద్యుణ్ణి ఏమంటారు?

కైఫియత్తుల దగ్గరికి వస్తే పరిస్థితి తలకిందులు. కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు ఇంజనీరు, 1815లో ఇండియాకంతా సర్వేయర్ జనరల్ అయినవాడు, భూములు కొలిపిస్తూ ఊరూరి కథలు కూడా రాయించాడు. ఆయనకు కళ్ళూ చెవులూ నోరూ అయినవారు ఏలూరు కావలి సోదరులు. వారిలో బొర్రయ్య 1803లో, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నెత్తిన వేసుకున్నాడు. వీరి మనుషులు ఊళ్ళకు వెళ్ళి కరణాలను అడిగి, వారి దగ్గరున్న దండకవిలెలు చూసి, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, ఏ దొరతనం ఎప్పుడు మారింది అన్నదంతా రాసుకొచ్చారు. మెకంజీ 1821లో చనిపోతే కంపెనీవారు ఆ సేకరణను లక్షరూపాయలకు ఆయన భార్య దగ్గర కొన్నారు. అన్న పని కొనసాగిస్తాను, అవకాశమివ్వండి అని లక్ష్మయ్య పెట్టుకున్న దరఖాస్తును మాత్రం కలకత్తా పెద్దలు తోసిపుచ్చారు. ఇందులో వ్యాఖ్యానం చేయవలసిందేమీ లేదు.

కైఫియత్తు చదవడం మొదట్లో కష్టం. మౌజే, తాలూకా, మిరాశీ, ఇనాం, ఫసలీ అంటూ పారసీ అరబ్బీ మాటలు తెలుగుతో కలిసిపోయి ఉంటాయి. గుంటూరు అనవలసినచోట సర్కారు ముర్తజానగరు అంటుంది. వాక్యానికి అంతూ పొంతూ ఉండదు. కాని నాలుగు పుటలు చదివాక చెవికి ఒక గొంతు వినబడుతుంది. రెండువందల ఏళ్ళ కిందటి కరణం చుట్ట పక్కన పెట్టి చెబుతున్నట్లే ఉంటుంది. వ్యాకరణం చూసుకోని ఈ వచనం కవుల వచనంకన్నా మాకు రుచించింది. చిన్నయసూరికి ముందు తెలుగులో వచనం లేదనేవారు దీన్ని పది పేజీలు చదివి అప్పుడు మాట్లాడాలి.

కరణం చెబుతున్నాడన్న మాట మరచిపోకూడదు. గుంటూరు ప్రాంతపు కైఫియత్తుల్లో గణపతిదేవుడి మంత్రి గోపరాజు రామన్న నియోగులకు ఊరూరా కరణీకపు మిరాశీలు ఇప్పించిన కథ పదేపదే వస్తుంది. ఊరు మారినా ఆ కథ మారదు. చెప్పేవాడు కరణం, కథ ఆ కరణీకం ఎక్కడినుంచి వచ్చిందన్నది, వినేవాడు కొత్తగా వచ్చిన కంపెనీ మనిషి. ఇనాం నిలుస్తుందో, కొత్త దొరలు లాక్కుంటారో తెలియని రోజులవి. ఆసుపత్రిలో మేము రోజూ చూసేదే ఇది. నడుంనొప్పి అని వచ్చినవాడు వైద్యుడికి ఒకలా చెబుతాడు, ఇన్సూరెన్సు కాగితం ఎదురుగా పెడితే ఇంకోలా చెబుతాడు. రెండూ అబద్ధాలు కావు. కాగితం ఎవరిదో చూసుకోవాలి, అంతే. కైఫియత్తుల మీద చరిత్ర కట్టేవారు ఈ కాగితం ఎవరిదో చూడకుండా తేదీల కోసం వెతుకుతారు. తేదీలు కుదరవు. అప్పుడు పుక్కిటి పురాణాలని విసుక్కుంటారు. చెప్పినవాడి ప్రయోజనం తెలిసి ఉండడమే వీటి బలం. నూనిజ్ దగ్గర లేనిదీ, చాటువుల సంపుటాల్లో లేనిదీ ఇక్కడ ఉంది.

కావలి సోదరుల్లోనే రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితచరిత్రలు అన్న పుస్తకం ఇంగ్లీషులో వేశాడు. తన దేశపు కవుల ఐతిహ్యాలను దొరల భాషలో దొరలకు చెప్పిన తొలి తెలుగువాళ్ళలో ఒకడు గనక, మన సంఘం వారందరూ ఆయన పేరు తెలుసుకోవాలి. మనం చేస్తున్నది అదే పని కదా! అయితే పొలంగట్టు మీద, గుడి అరుగు మీద చెప్పుకునే కథ ఆ ఇంగ్లీషులో కోటూ టైయీ వేసుకుంటుంది. నాలుక మీద కారం పోతుంది. ఈ దేశంలో మన పెద్దలను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు జరిగేదీ ఇదే. ఆవిడ 'కడుపులో దేవుతోంది, కాళ్ళు పీకుతున్నాయి' అంటుంది. పక్కనున్న కొడుకు రెండు లాటిన్ మాటల్లో దాన్ని తేల్చేస్తాడు. దేవడానికీ, తిప్పడానికీ, మంటకూ తేడా ఉందని, ఆ తేడాలో సగం జబ్బు ఉందని ఆ కొడుక్కి తెలియదు. రోగి మాటను రోగి మాటగానే ముందు రాయమని మా గురువులు నేర్పింది అందుకే.

ఈ విషయంలో మేము ఎక్కువ మార్కులు వేసేది బ్రౌనుకు. ఆయన నిఘంటువు 1852లో వచ్చిందని అందరికీ తెలుసు. 1855లో ఆయన తాతాచారి కథలు అచ్చువేయించిన సంగతి తెలిసినవారు తక్కువ. తన దగ్గరున్న పండితుడొకడు చెప్పిన లోకాభిరామాయణాన్ని, పురాణం కాదు గదా అని పారేయకుండా, చెప్పినవాడి పేరుతోనే నిలబెట్టడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే గ్రంథానికి పలుచోట్ల నుంచి ప్రతులు తెప్పించి, తేడాలు గుర్తించి శుద్ధప్రతులు రాయించిన క్రమశిక్షణ ఆయనది. మెకంజీ కైఫియత్తులకు కూడా ఆయన నకళ్ళు తీయించాడు. తాటాకుకు నిమ్మగడ్డి నూనె రాసినా, మసి పూసినా, ఎన్నటికైనా అది పొడి కావలసిందే. మళ్ళీ రాయడమే దాన్ని బతికించే మార్గం. ఆ మళ్ళీ రాసేవాడు దిద్దుబాటుగాడైతే మాత్రం కొంప మునుగుతుంది. కైఫియత్తులను ఈమధ్య కాలంలో పుస్తకాలుగా వేసినవారు పారసీ మాటలు యథాతథంగా ఉంచితే మేము చేతులెత్తి మొక్కుతాం. వర్ణక్రమం సరిచేసి అందంగా చేశామంటే మొక్కం.

ఇందులో మనకు సంబంధించిన భాగం ఇకనుంచి. 2003లో భారత ప్రభుత్వం రాతప్రతులకోసం జాతీయ మిషన్ పెట్టింది, ఫోటోలు తీయడం జరుగుతోంది, మంచిదే. కాని అది గ్రంథాలు ఉన్న చోటికి వెళుతుంది. మన ఇళ్ళ అటకల మీద ఉన్నవి గ్రంథాలు కావు. అవి తాతగారి డైరీ, పెళ్ళి జమాఖర్చు, ఆ జమాఖర్చు అట్ట లోపల రాసుకున్న రెండు చాటువులు, పొలం తగాదా గురించి నాలుగు పంక్తులు. 1984లో కరణీకాలు రద్దయ్యాక ఆ ఇళ్ళలో మిగిలిన కాగితాలు ఎక్కువగా గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకుపోయే ఆ రాతను చదవడం తెలుగు ఎం.ఏ. చదివినవారికి కూడా రాదు. ఆనాడు ముప్ఫై ఏళ్ళున్న కరణానికి ఈనాడు డెబ్బై దాటాయి. ఇల్లు అమ్మేయడానికి సెలవు పెట్టి మూడు వారాలు వెళ్ళే మన మిత్రులు ఇత్తడి బిందెలు తెచ్చుకుంటున్నారు, కాగితాలు పాతసామాన్లవాడికి వేస్తున్నారు. బిందె ఇక్కడ మూలను పెట్టుకుంటే అందంగా ఉంటుంది, నిజమే.

కాగితాన్ని ఫోటో తీసుకోవడం తేలిక. చదవగలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించి ఆ గొంతుతో సహా పట్టుకోవడం అసలు పని. వేసవికి ఆరునెలల వీసా మీద వచ్చే అమ్మానాన్నలు మధ్యాహ్నాలు ఏమీ తోచక కిటికీ దగ్గర కూర్చునే ఉంటారు. వారి ముందు ఫోను పెట్టి 'మీకీ కథ ఎవరు చెప్పారు? ఎక్కడ కూర్చుని చెప్పారు? అప్పుడు మీకెన్నేళ్ళు?' అని మొదట అడగాలి. ఆ తరువాత కథ. మధ్యలో 'కాదు కాదు, అది మీ పెద్దమామ్మ అనేమాట, మీ తాతయ్య అలా అనేవారు కాదు' అని వాళ్ళు తమను తాము సరిదిద్దుకుంటే అది కూడా ఉండనివ్వాలి, కత్తిరించకూడదు.