రాల్ఫ్ కథలో లేని అధ్యాయము

కీర్తి, ధనము, లోకవ్యవహారజ్ఞానము, అమంగళనివారణము, తత్క్షణానందము, ప్రియురాలి పలుకువంటి ఉపదేశము - ఇవి మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పిన కావ్యప్రయోజనములు. చదువరి పుస్తకము మూసి తీగయు, ఆకురాయియు చేతబట్టుట ఈ పట్టికలో లేదు. ఆ ఏడవ ప్రయోజనమునే ముఖ్యముగ గొని అమెరికాలో ఒక సాహిత్యశాఖ పెరిగినది. వైజ్ఞానిక కల్పనాకథ యని దానికి పేరు. అందలి తొలినాటి నవల నొకదానిని ఈ దృష్టితో పరిశీలింప దలచితిమి.

ఆ నవల కర్త హ్యూగో గెర్న్స్‌బాక్ 1884లో లక్సెంబర్గున జన్మించి, 1904లో అమెరికా చేరెను. ఆయన మొదట వర్తకుడు. న్యూయార్కులో విద్యుత్సామగ్రి నమ్ముచుండెను. ఆయన అమ్మిన టెలింకో అను చిన్న పరికరమున ఒకచోట మీట నొక్కినచో, నడుమ తీగ లేకయే వేరొకచోట గంట మ్రోగెడిది. 1908లో మోడర్న్ ఎలెక్ట్రిక్స్ అను పత్రికను స్థాపించి, 1911 ఏప్రిలు మొదలు పండ్రెండు నెలలు అందు 'రాల్ఫ్ 124సి 41+' నవలను ప్రకటించెను. సామగ్రి కొను కుర్రవారే ఆ కథకు చదువరులు.

ఇది 2660వ సంవత్సరపు కథ. స్విట్జర్లాండులో ఆలిస్ అను యువతి యింటిపైకి మంచుచరియ విరిగి వచ్చుచుండగా, రాల్ఫ్ న్యూయార్కు నుండియే శక్తిని పంపి దానిని కరగించును. పిదప ఆమె న్యూయార్కు వచ్చును. ఆమె అడుగుచుండును, ఆయన చెప్పుచుండును. ఇది కాంతాసమ్మితము గాదు. కాంతకే చేసిన ప్రభుసమ్మితోపదేశము! తుదకు కుజగ్రహవాసి చేతిలో ఆమె మరణించినను రాల్ఫ్ ఆమెను బ్రతికించును. మృత్యువు సైతము ఆయనకు ప్రయోగశాలలో తీరు చిక్కు.

ఇందలి ఊహాశక్తిని మాత్రము కాదనరాదు. ఎగిరిపోవు నౌకపైకి తరంగములను పంపి, తిరిగివచ్చు తరంగమును బట్టి దాని జాడ కనుగొను పద్ధతిని గ్రంథకర్త పటముతో సహా వివరించెను. రాడారు ఆచరణకు వచ్చినది 1930 దశకమున.

పాత్రపోషణము పలుచన యని పలువురు అన్నదే. మా ఆక్షేపణ వేరు. ఈ నవలలో యంత్రములు దాదాపు అన్నియు సిద్ధమై దర్శనమిచ్చును. తీగ తెగుట, చుట్ట కాలుట, విప్పి మరల బిగించుట మనకు కానరావు. ఇంట కూర్చుండి టెలింకో గంటను మ్రోగింప జూచిన బాలునికి తెలిసిన సత్యము, ఆ పరికరము నమ్మిన గ్రంథకర్త నవలలో లేకపోయెను. చేతిపనిని ప్రోత్సహింప బూనిన రచనకు ఇది చిన్న లోపము గాదు.

ఆ లోపమును పూరించినవారు చదువరులు. 1926 ఏప్రిలు సంచికతో గెర్న్స్‌బాక్ అమేజింగ్ స్టోరీస్ పత్రికను ఆరంభించెను. అందు పాఠకుల లేఖలను వారి చిరునామాలతో అచ్చువేయసాగిరి. ఊరి కొక్కడుగ నుండి, తన యభిరుచిని పంచుకొనువాడు లేక వేగిన చదువరికి ఆ చిరునామాయే చుట్టమైనది. స్వభాష మాటలాడువాడు వీధి కొక్కడుగ నున్న పట్టణములలో బ్రతుకు మన వారికి ఆ సంతోషమెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. లేఖలనుండి స్నేహములు, స్నేహములనుండి సంఘములు పుట్టినవి.

అట్టి సంఘములలో నొకటి 1930 ఏప్రిలు 4న న్యూయార్కులో ఏర్పడిన అమెరికన్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ. దాని తొలి అధ్యక్షుడు డేవిడ్ లాసర్ గెర్న్స్‌బాక్ పత్రికలకు సంపాదకుడు. స్థాపకులలో పెక్కురు అందు కథలు వ్రాయువారు. వారిలో ఎడ్వర్డ్ పెండ్రే 1931లో బెర్లిను వెళ్లి, అచటి ఔత్సాహికులు రాకెట్టును మండించు విధము చూచివచ్చెను. పిదప తామును పనికి పూనుకొనిరి. మొదటి రాకెట్టును 1932 నవంబరులో బిగించి నిలిపి మండించిరి. అది ఎగురకయే దెబ్బతినెను. దానినే మార్చి కూర్చిన రెండవది 1933 మే 14న స్టేటన్ ద్వీపమునుండి సుమారు 250 అడుగులు లేచినంతలో ద్రవప్రాణవాయువు తొట్టి పగిలి కూలెను.

రాల్ఫ్ కథలో లేని అధ్యాయమిదియే. మంటకు రాకెట్టు గదులు కాలిపోవుటయే నాటి పెద్ద చిక్కు. మండబోవు ఇంధనమునే ముందుగ ఆ గది గోడచుట్టు ప్రవహింపజేసి చల్లార్చు యంత్రమును సంఘసభ్యుడు జేమ్స్ వైల్డ్ 1938లో పరీక్షించి చూపెను. 1941లో ఆయనయు మరి ముగ్గురు సభ్యులును రియాక్షన్ మోటార్స్ అను సంస్థను స్థాపించిరి. 1947 అక్టోబరు 14న శబ్దవేగమును మించిన బెల్ ఎక్స్-1 విమానమునకు ఆ సంస్థ యంత్రమే చోదకము.

కథలే రాకెట్టును కనిపెట్టినవనుట అతిశయోక్తి. ఆ సంఘము పుట్టకముందే, 1926 మార్చి 16న రాబర్ట్ గాడార్డు ద్రవేంధనపు రాకెట్టును ఎగురవేసియుండెను. కథలు చేసినది వేరు: ఒంటరి చదువరులను ఒకచోట చేర్చి, పగిలిన తొట్టి ముక్కలచుట్టు కలిసి కూర్చుండు ఓర్పు గల సమాజమును కల్పించినవి.

కావున 'రాల్ఫ్'ను ఉత్తమనవల యనము; నిష్ప్రయోజన మనియు అనజాలము. దాని గుణము చదువరిని పనికి లేపుట. దాని దోషము ఆ పనిలోని కష్టమును దాచుట. మన భాషలో వైజ్ఞానిక కథలు వ్రాయువారు ఆ గుణమును గ్రహించి, ఆ దోషమును విడుతురు గాక! వారి నాయకుని వ్రేలు ఒక్కమారైనను కాలవలెను. మరునాడును అతడు ఆ బల్లయొద్దకే రావలెను.