చావుల లెక్కలో చేరని వాళ్ళు

జెనోసైడ్ అన్న మాటకి తెలుగులో ఏం రాయాలో తెలీక మొన్నొక అనువాదం మధ్యలో ఆగిపోయాను. మన పత్రికలు నరమేధం అంటాయి, మారణహోమం అంటాయి. రెండూ యజ్ఞవాటికలోంచి వచ్చిన మాటలే. రెండిట్లోనూ చావు తప్ప మరొకటి కనబడదు. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మాత్రం ఐదు చర్యల్ని చెప్పింది. చంపడం వాటిలో ఒకటి. తీవ్రమైన శారీరక, మానసిక హాని కలిగించడం, బతకలేని పరిస్థితులు కల్పించడం, పుట్టుకల్ని అడ్డుకోవడం, పిల్లల్ని బలవంతంగా మరో సమూహానికి తరలించడం మిగతావి. వీటన్నిటి వెనకా ఒక జాతినో మత సమూహాన్నో పూర్తిగానో కొంతగానో నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. యుద్ధాల్లో వాదనంతా ఈ ఉద్దేశం చుట్టూనే. ఎంతమంది పోయారు, ఎవరు ఆదేశించారు? మరి చావకుండా మిగిలిన ఆడవాళ్ళ మాటేమిటి?

రువాండాలో 1994లో టుట్సీల మీద జరిగిన హత్యాకాండకి సంబంధించి టాబా అనే ఊరి మేయరు అకయేసుని అంతర్జాతీయ ట్రిబ్యునల్ విచారించింది. మొదటి అభియోగపత్రంలో అత్యాచారం ఊసే లేదు. విచారణలో ఒక సాక్షి తన ఆరేళ్ళ కూతుర్ని ముగ్గురు చెరిచారని చెప్పింది. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఏకైక స్త్రీ, దక్షిణాఫ్రికాకి చెందిన తమిళ మూలాల నవనీతం పిళ్ళై, ఆ మాటని అక్కడితో పోనివ్వలేదు. అడిగింది. 1997 జూన్‌లో అభియోగాలు మార్చారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, అత్యాచారం కూడా జెనోసైడ్ కాగలదని మొదటిసారి చెప్పింది. ఒక తల్లి నోరు విప్పకపోతే, ఒక స్త్రీ ఆ పీఠం మీద లేకపోతే ఏమయ్యేదో!

తీర్పుల్ని కథలు చదివినట్టు చదవడం మనకి అలవాటు లేదు గానీ, చదవాలి. ఇదే తీర్పులో పుట్టుకల్ని అడ్డుకోవడం గురించి ఒక వివరణ ఉంది. తండ్రిని బట్టి జాతి నిర్ణయమయ్యే సమాజంలో వేరే జాతివాడు ఆమెని బలవంతంగా గర్భవతిని చేస్తే, పుట్టే బిడ్డ తల్లి జాతికి చెందదు; కాబట్టి అది కూడా పుట్టుకని అడ్డుకోవడమే. సమాజం ఉన్నదున్నట్టు చెప్పారు కదా, తప్పేముంది అంటారు. నిజమే. కానీ చెరిచినవాడి లెక్కా ఇదే. కని పెంచే ఆమె బిడ్డ ఆమెది కాదన్న లెక్క.

స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో ఏడు వేలకి పైగా బోస్నియా ముస్లిం పురుషుల్ని, కుర్రాళ్ళని చంపేశారు. స్త్రీలని, పిల్లల్ని బస్సులెక్కించి పంపేశారు. నాశనమే ఉద్దేశమైతే ఆడవాళ్ళని ఎందుకు వదిలేస్తారని నిందితుడు క్రిస్టిచ్ తరఫున వాదించారు. 2001లోనూ 2004 అప్పీలులోనూ కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. సంతోషమే. అయితే చెప్పిన కారణాల్లో ఒకటి చూడండి: భర్తలు ఏమయ్యారో తేలక ఆ స్త్రీలు మళ్ళీ పెళ్ళి చేసుకోలేరు, పిల్లల్ని కనలేరు, అందుచేత ఆ సమూహం నశిస్తుంది. ఆమె దుఃఖం సమూహం తాలూకు నష్టంగా మారితేనే కోర్టు చెవికెక్కింది.

అదే బోస్నియాలోని ఫోచాలో స్త్రీలని నిర్బంధించి చెరిచిన కేసులో తీర్పు 2001 ఫిబ్రవరిలో వచ్చింది. అక్కడ జెనోసైడ్ అభియోగం లేదు. మానవత్వంపై నేరాలుగా అత్యాచారం, బానిసత్వం రుజువయ్యాయి. చాలామందిలాగే నేనూ దాన్ని తక్కువ తీర్పనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఇంటి చాకిరీ చేయించుకున్నారు, పన్నెండేళ్ళ పిల్లని కూడా అమ్ముకున్నారు. ఆ పేజీల్లో ఆమె ఏ జాతికీ గర్భసంచి కాదు, మనిషి. ఆమెకి జరిగింది ఆమెకే జరిగింది.

అలాగని జెనోసైడ్ అన్న మాటని వదులుకుందామనను. యజీదీ స్త్రీలని బతికుండగానే సంతల్లో అమ్మిన ఐసిస్‌పై ఆ మాట వాడడానికి 2016లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘానికి ఆ నాలుగు చర్యలూ పనికొచ్చాయి. చంపడమొక్కటే కొలత అయితే వాళ్ళెవరూ లెక్కలోకి వచ్చేవాళ్ళు కాదు.

అనువాదంలో చివరికి జాతి నిర్మూలన అని రాశాను. తృప్తిగా లేదు. అందులోనూ జాతే ముందుంది. మెరుగైన మాట తోచినవాళ్ళు రాయండి.