రంగుల అనుభూతి కొలమానం – తెలుగు విశేషణాలు: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
వస్తువు రంగు చూపరిలో కలిగించే అనుభూతిని అంకెల్లో చెప్పడానికి రూపకర్తలు ఎక్కువగా వాడే సాధనం ‘సెమాంటిక్ డిఫరెన్షియల్’. చార్లెస్ ఆస్‌గుడ్ తన సహరచయితలతో కలిసి 1957లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వివరించాడు. పరస్పర విరుద్ధమైన రెండు విశేషణాల నడుమ ఏడు మెట్లుంటాయి. చూపరి తన అనుభూతికి తగిన మెట్టును గుర్తిస్తాడు. 1970లలో జపాన్‌లో మిత్సువో నగమాచి రూపొందించిన ‘కాన్సేయి ఇంజనీరింగ్’ ఇటువంటి కొలతలను వస్తు రూపకల్పనకు అన్వయించింది. కొలిచేది రంగు ప్రభావమే అయినా కొలబద్ద మాత్రం మాట. అందుచేత దీన్ని భాషాపరంగానూ పరీక్షించాలి.

2. అనువాదంలోని చిక్కులు:
ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగు చేసినప్పుడు తొలి చిక్కు రంగు పేర్లలోనే ఎదురవుతుంది. ‘పచ్చ’ పైరుకూ చెల్లుతుంది, బంగారానికీ చెల్లుతుంది. ‘ఆకు’, ‘పసుపు’ అన్న పూర్వపదాలు చేరితేగాని ఏ రంగో తేలదు. పైగా ‘పచ్చగా ఉండటం’ సమృద్ధిని తెలిపే జాతీయం. పేరు మాత్రమే ఇచ్చి అభిప్రాయం అడిగితే, వచ్చిన అంకె రంగుదో జాతీయానిదో చెప్పలేం.

రంగు నమూనా చూపితే ఈ చిక్కు తీరుతుంది. రెండోది మిగులుతుంది. అనుభూతి విషయంలో ఎరుపు, నీలం వంటి రంగు భేదం కన్నా కాంతి, గాఢతల ప్రభావమే బలమైనదని వాల్డెజ్, మెహ్రాబియన్ 1994లో నిరూపించారు. ఆ గుణాలకు తెలుగు వాడుకలో ఉన్న జంట ‘లేత – ముదురు’. ‘లేత’లో చిగురు, పసితనం, సౌకుమార్యం ఉన్నాయి. ‘ముదురు’లో పక్వతతోపాటు, మనిషి విషయంలో గడుసుతనమూ ధ్వనిస్తుంది. ఇంగ్లీషు ‘లైట్’, ‘డార్క్’ మాటలకు వేరే ధ్వనులున్నాయి గాని ఈ వయోభేదం లేదు. తెలుగు చూపరి రంగు గుణాన్ని పేర్కొంటూనే అనుభూతినీ చెప్పేస్తున్నాడు. కొలవవలసినది కొలబద్దలోనే కలిసిపోతోంది.

3. ముగింపు:
దీనికి ప్రత్యామ్నాయంగా భరతుని రసవర్ణాలను చూపడం సరికాదు. శృంగారానికి శ్యామం, రౌద్రానికి ఎరుపు అన్నవి నాట్యశాస్త్ర సంకేతాలు. నేటి కొనుగోలుదారు స్పందనకు అవి సాక్ష్యం కావు. వినియోగదారుల నోటి మాటలనుంచే విశేషణాలను సేకరించడం కాన్సేయి పద్ధతిలోని బలం. అనువాద ప్రశ్నావళి ఆ బలాన్నే వదులుకుంటోంది. బట్టల దుకాణాల్లో, రంగుల అంగళ్లలో జరిగే సంభాషణలనుంచి, మాండలిక భేదాలను గుర్తిస్తూ పదాలను సేకరించాలి. ఆ తరువాతే గణాంకం. ఈ తొలి అడుగు తెలుగు పరిశోధకులు వేయవలసినది.