అయిదు గీతల్లో ఒక రాత్రి

ఐసీయూలో రాత్రీ పగలూ తేడా తెలియదు. లైట్లు వెలుగుతుంటాయి, మానిటర్ల అలారాలు మోగుతుంటాయి, బీపీ చూడ్డానికో రక్తం తీయడానికో ఎవరో వస్తూనే ఉంటారు. అక్కడ పడుకున్న మనిషి నిద్రను కొలవాలంటే పాలీసోమ్నోగ్రఫీ అనే యంత్ర పరీక్ష ఉంది. కానీ అప్పటికే వైర్ల మధ్య ఉన్న రోగికి తలమీద, కళ్ల పక్కన, గడ్డం కింద ఇంకొన్ని ఎలక్ట్రోడ్లు అతికించాలి. పైగా మత్తుమందులు మెదడు తరంగాలనే మార్చేస్తాయి. నిద్ర నాణ్యతను తెలుసుకునే పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి ఏమో గడిచిన నెలంతటి గురించి అడుగుతుంది. ఇక్కడ కావలసింది నిన్నటి ఒక్క రాత్రి.

రిచర్డ్స్–క్యాంప్‌బెల్ నిద్ర ప్రశ్నావళి అడిగేది అదే. నిద్ర ఎంత గాఢంగా పట్టింది, పట్టడానికి ఎంతసేపైంది, ఎంతసేపు మెలకువగా గడిచింది, మళ్లీ పట్టిందా, మొత్తమ్మీద రాత్రి ఎలా గడిచింది: అయిదే ప్రశ్నలు. ప్రతిదాని కింద 100 మిల్లీమీటర్ల గీత, దాని రెండు కొసల్లో రెండు మాటలు. రోగి తనకు తోచిన చోట పెన్నుతో గుర్తు పెడితే చాలు. చెయ్యి ఆడకపోతే నర్సు గీత వెంట పెన్ను జరుపుతుంటే రోగి తలూపిన చోట ఆగుతుంది. తర్వాత స్కేలుతో కొలుస్తారు: చెడ్డ కొస 0, మంచి కొస 100. అయిదింటి సగటే స్కోరు. లెక్కల భారం రోగి మీద పడదు. శబ్దం గురించి ఆరో గీతను చాలామంది చేరుస్తారు, సగటులో మాత్రం కలపరు.

నాకు బాగా నచ్చింది నాలుగో ప్రశ్న. మెలకువ వచ్చినప్పుడు గానీ, ఎవరైనా లేపినప్పుడు గానీ మళ్లీ నిద్ర పట్టిందా అని అడుగుతుంది. ఆ ‘ఎవరైనా లేపినప్పుడు’ అన్నది ఐసీయూను దగ్గరగా చూసినవాళ్లే రాయగలరు.

2000లో ప్రచురించిన అధ్యయనంలో 70 మంది మగ రోగుల మీద ఈ ప్రశ్నావళిని పాలీసోమ్నోగ్రఫీతో పోల్చి చూశారు. సహసంబంధం 0.58 వచ్చింది. మరీ గొప్ప అంకె కాదు, నిజమే. కానీ ఇటు ఉన్నది ఒక్క కాగితం, అటు ఉన్నది రాత్రంతా నడిచే యంత్రం.

ఈ ప్రశ్నావళిని వేరే భాషలోకి తెచ్చేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, రెంటినీ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. తేడాలు నిపుణులు సరిచేశాక కొందరు రోగులకు చూపించి, ఏం అర్థమైందో వాళ్ల నోటే చెప్పిస్తారు. ఇన్ని మెట్లు దాటిన కాగితాన్ని కూడా ఒక అజాగ్రత్త జెరాక్సు పాడుచేయగలదు. గీత 97 మిల్లీమీటర్లకు కుదించుకుపోతే నూరు మార్కులు ఎవరికీ రావు!

మతి స్థిమితంగా లేని రోగికి ఈ ప్రశ్నావళి పనికిరాదు. అతని బదులు నర్సు నింపవచ్చు గానీ, రోగి చెప్పినదానికన్నా నర్సులు ఎక్కువ మార్కులే వేస్తుంటారని అధ్యయనాల్లో తేలింది. కళ్లు మూసుకున్నవాళ్లంతా నిద్రపోతున్నట్టు కాదు కదా. క్రిటికల్ కేర్ వైద్యుల 2018 మార్గదర్శకాలు కూడా నిద్రను యంత్రాలతో రోజూ కొలవనక్కర్లేదని, మామూలుగా గానీ ఈ ప్రశ్నావళితో గానీ రోగినే అడగవచ్చని సూచించాయి.