దొరల చరిత్రలో మన అయ్యగారు

సికింద్రాబాద్ చర్చిల చరిత్ర అంటే దండు చరిత్రగానే రాస్తూ వచ్చారు. 1895లో ఇక్కడికి వచ్చిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ తిరుమలగిరిలో తెల్ల సిపాయిల మధ్య పనిచేశాడు. అది తృప్తినివ్వక గుర్రమెక్కి పల్లెలకు పోయాడు, మెదక్‌లో స్థిరపడ్డాడు. 1924 డిసెంబర్ 25న అక్కడి పెద్ద చర్చి ప్రతిష్ఠ జరిగింది. కథ ఇంతటితో సరి. గుర్రం మీదివాడు కనిపిస్తాడు. దొర వెళ్ళిపోయాక పల్లెలో ఉండిపోయినవాడు కనిపించడు.

ఆ ఉండిపోయినవాడే ఉపదేశి. ఎక్కువగా మాల, మాదిగ వాడల్లో పుట్టినవాడే. పగలంతా జనం భూస్వాముల పొలాల్లో వుంటారు గనక అతని బడీ, ప్రార్థనా దీపం పెట్టాకే మొదలయ్యేవి. రోగి పక్కన కూచోవడం, పెళ్ళి చేయడం, శవాన్ని మట్టిచేయడం, అర్జీ రాసిపెట్టడం అన్నీ అతని పనులే. మిషన్ ఇచ్చే కొద్ది రూపాయలు, ఇంటింటా తీసిపెట్టిన పిడికెడు బియ్యం అతని బతుకుతెరువు. మధ్యయుగాల యూరప్ పల్లెలో పాదిరికి చర్చి మాన్యం వుండేది, పంటలో దశమభాగం వసూలయ్యేది. మన ఉపదేశికి మాన్యమెక్కడిది? ఇక ఇంట్లో ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించిన ‘అమ్మగారు’ ఏ లెక్కలోకీ రాలేదు.

వాడలో అతను ‘అయ్యగారు’. ఊళ్ళోకి అడుగుపెడితే ‘ఏరా’. బాప్తిస్మాల లెక్కలకన్నా ఈ పిలుపుల తేడాలోనే మనకు కావల్సిన చరిత్ర ఎక్కువుంది. అంటరానివాడి పక్కన ‘గారు’ చేరడం చిన్న సంగతి కాదు.

ఒంగోలు సంగతి చూడండి. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి వాళ్ళను ముంచింది జాన్ క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ దీన్ని దాచలేదు. తర్వాత రాసిన మనవాళ్ళే ‘క్లౌ దొర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చాడు’ అని తేల్చేశారు. తెల్లవాడు ఒప్పుకున్నది కూడా మనకు నమ్మశక్యం కాలేదు కాబోలు!

మన ఉద్యమాల్లో ఇంకో వాదముంది: పాస్టరంటే దొరల ఏజెంటు. మిషన్ ఆస్తుల్లో, పదవుల్లో జరిగిన పెత్తనం చూస్తే ఇందులో కొంత నిజముంది. కానీ ఏజెంటుకు కమిషన్ ముడుతుంది. ఈయనకు ముట్టిందేమిటి? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులను వదిలేశారు.

2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ కూడా. పత్రికలు ఆయన కులాన్ని హెడ్డింగుల్లో పెట్టాయి. ప్రభుత్వ కాగితం మాత్రం ఆయన్ని షెడ్యూల్డ్ కులంగా గుర్తించదు. చర్చికి వచ్చే కూలీ సర్టిఫికెట్‌లో హిందువుగా వుండి పిల్లల ఫీజు దక్కించుకోవచ్చు. పాస్టరుకు ఆ దారీ లేదు. అతని మతం అతని ఉద్యోగం, ఆదివారం మైకులో ఊరంతా వినపడుతుంది.