ఏ నీళ్లు తాగింది?

కొట్టంలోకి వచ్చిన డాక్టరమ్మ సంచి కింద పెట్టింది గానీ విప్పలేదు. బర్రె ఎడమ పక్కకు పోయి నిలబడి, పిడికిలి బిగించి, పక్కటెముకల వెనక డొక్క గుంటలో ఒత్తిపట్టి, చేతి గడియారం చూసుకుంటూ ఉండిపోయింది. రెండు నిమిషాలు. మా అమ్మకు ఆ రెండు నిమిషాలు రెండు గంటలయ్యాయి. "సూది ఇయ్యక గడియారం జూస్తుందేందిరా?" అని నా చెవిలో గొణిగింది.

లోపల పెద్ద పొట్ట కదిలినప్పుడల్లా ఆ పిడికిలిని బయటికి నెడుతుందట. ఆరోగ్యంగా ఉన్న పశువుకు రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లయినా ఆ నెట్టుడు చేతికి తగలాలి. మా బర్రెకు ఒక్కసారి తగిలింది, అదీ నీరసంగా. తర్వాత కింది రెప్ప తిప్పి ఎరుపు చూసింది. తోక ఎత్తి థర్మామీటరు పెట్టింది. మూలకు పడున్న పేడను చిన్న పుల్లతో కెలికి, వంగి వాసన చూసింది. అప్పుడు నోరు విప్పింది.

"నెమరేస్తుందా అమ్మా? ఏ నీళ్లు తాగింది? నిన్న ఏం పెట్టిండ్రు?"

రెండో ప్రశ్నకు మా ఇంట్లో నలుగురూ ఒకేసారి జవాబు చెప్పారు. నక్కవాగుకు కూతవేటు దూరంలో ఉన్నవాళ్లం కదా, పశువు పడుకుంటే మొదటి అనుమానం నీళ్ల మీదికే పోతుంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు వాగులో కలిసి మంజీర వైపు పారుతున్నదని 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు మాది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు ఆ కాగితాలు తిరిగినన్ని ఏళ్లలో మా కొట్టంలో ఎన్ని తరాల దూడలు మారాయో లెక్క లేదు. పటాన్‌చెరులో మనుషులకు వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు తన జీవితంలో చాలా భాగం ఈ కాలుష్యం మీద కొట్లాటకే పెట్టారు. అందుకే, ఇక్కడ బోర్డు కట్టి కూర్చున్న పశువైద్యుడు ఎవరైనా సరే, ఏ నీళ్లు తాగిందని అడగకుండా సూది తీశాడంటే నేను లేచి వచ్చేస్తాను. వేరే జిల్లాలో ఈ ప్రశ్నకు అంత విలువ ఉండకపోవచ్చు. ఇక్కడ ఉంది.

కానీ ఆ రోజు డాక్టరమ్మ నీళ్ల దగ్గర ఆగలేదు. మేమందరం వాగు మీద పడి ఆవేశపడుతుంటే, ఆమె మా అమ్మ మొహమే చూస్తోంది. "నిన్న ఏం పెట్టిండ్రమ్మా?" అని మళ్లీ అడిగింది. అమ్మ చూపు పక్కకు తిప్పింది. చివరికి బయటపడ్డ సంగతేమిటంటే, ముందు రోజు పక్కింటి పెళ్లిలో మిగిలిన అన్నం, పారబోయడానికి మనసొప్పక, రెండు బకెట్లు బర్రె ముందు పెట్టింది. అంత అన్నం ఒక్కసారి పడితే పెద్ద పొట్టలో పులిసి ఆమ్లమైపోతుంది, పొట్ట కదలడం మానేస్తుంది. పేడలో పుల్లటి వాసన ఆమెకు అప్పుడే తగిలింది. ఆ ప్రశ్న ఊరికే అడగలేదన్నమాట. వంటసోడా నీళ్లలో కలిపి తాగించింది, ఎండుగడ్డి తప్ప ఏమీ పెట్టొద్దంది, పొద్దున ఫోన్ చేయమని చెప్పి పోయింది. "సోడా తాపిచ్చి రెండొందలు తీస్కపాయె" అని అమ్మ నెల రోజులు దెప్పింది. బర్రె మాత్రం రెండో నాటికి నెమరేసింది.

నిజం చెప్పాలంటే, అంతకు ముందు నా లెక్క కూడా అమ్మ లెక్కే. దగ్గర్లో ఉండాలి, పిలవగానే రావాలి, వచ్చీరాగానే సూది వేయాలి. పశువు ముందు పిడికిలి పెట్టి నిలబడేవాళ్లను పనిరానివాళ్లనుకునేవాణ్ని. మా తాత కాలంలో ఏ రోగానికైనా కాల్చిన కడ్డీతో వాత పెట్టేవాళ్లు. ఆ వాతల స్థానంలో నేను సూదిని పెట్టుకున్నాను, అంతే తేడా.

నాకు బుద్ధి చెప్పింది ఒక కుక్కపిల్ల. బీరంగూడ అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు మా అమ్మాయి రోడ్డు మీద దొరికిన పిల్లను ఇంటికి తెచ్చింది. హైవే వైపున్న ఒక క్లినిక్‌కు తీసుకుపోయాం. అద్దాల తలుపు, ఏసీ, గోడ నిండా బెల్టులు, షాంపూలు, బొమ్మ ఎముకలు. పిల్లను తూకం వేయలేదు. నట్టల మందు తాగించారా అని అడగలేదు. ఫ్రిజ్ తెరిచినప్పుడు కూల్‌డ్రింక్ సీసాల పక్కన మందు సీసాలు కనిపించాయి. ఏదో ఎక్కించారు, కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టారు. మూడు వారాల తర్వాత పిల్లకు వాంతులు, రక్తం విరేచనాలు. వేరే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. పార్వో అన్నాడు. కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏ టీకా వేశారో లేదే సార్" అన్నాడు. నాలుగో రోజు పిల్ల పోయింది.

టీకా చెడిపోయిందా, తల్లిపాలతో వచ్చిన రక్షణ ఆ టీకాను పనిచేయనివ్వలేదా, అసలు వేసింది పార్వో టీకాయేనా అన్నది ఇప్పుడెవరూ చెప్పలేరు. అందుకే ఆ క్లినిక్ మీద నేరం మోపలేను. సీసా మీది స్టిక్కర్ తీసి కార్డుకు అంటించి ఉంటే, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనపడి ఉంటే, కనీసం ఒక అనుమానం తీరేది. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా సీసా చూపించమంటాను. చిన్నబుచ్చుకునేవాళ్లుంటారు. ఇప్పుడు మేం పోయే చోట డాక్టరు అడక్కముందే సీసా నా కళ్ల ముందు తిప్పి, "చూసుకున్నారా?" అని గానీ మూత తీయడు.

ఫ్రిజ్ సంగతి మామూలు సంగతి కాదు. ఈ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో పెట్టిన ఇండియన్ ఇమ్యునాలజికల్స్ గచ్చిబౌలిలో ఉంది. గాలికుంటు టీకా, కుక్కల రేబిస్ టీకా తయారుచేసే సంస్థ. అంటే టీకా పుట్టిల్లు మనకు గంట ప్రయాణం. అంత దగ్గర పుట్టిన టీకా కూడా మే నెలలో కరెంటు పోయిన ఫ్రిజ్‌లోనో, స్కూటర్ డిక్కీలోనో వట్టి నీళ్లయిపోతుంది. ఇన్వర్టర్ ఉందా అని అడగడానికి మనం మొహమాటపడతాం. కొత్త టీవీ కొనేటప్పుడు పడం.

ఇంకొకటి నేర్చుకున్నాను. జబ్బు లేనప్పుడే ఒకసారి పోవాలి. నట్టల మందుకో, గోళ్లు కత్తిరించడానికో పోయి, అరగంట బెంచీ మీద కూర్చోవాలి. మన ముందు పోయిన కుక్క దిగాక బల్లను దేనితో తుడిచారు? వట్టి గుడ్డతోనా, మందు నీళ్లతోనా? పార్వో నేల మీద నెలల తరబడి బతికే మొండి వైరస్. వాంతులు చేసుకుంటున్న కుక్కను, టీకాకు వచ్చిన పిల్లను ఒకే బెంచీ పక్కన కూర్చోబెట్టారంటే అద్దాల తలుపు ఎంత మెరిస్తే ఏం లాభం? గొర్రెల మందకు టీకాలేసేటప్పుడు కూడా అంతే, సూది ఎన్నింటికి ఒకసారి మారుస్తున్నారో చూడండి. ఒకే సూదితో వంద గొర్రెలను పొడిస్తే, టీకాతో పాటు ఒకదాని రోగాన్ని ఇంకోదానికి పంచినట్టే.

సర్కారు పశువుల దవాఖానను గోడలు చూసి తీసిపారేయకండి. నేను చూసేది ఆవరణలో పశువును నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రాన్ని, అదే ట్రెవిస్‌ను. బర్రెల భుజాలు రాసుకుని రాసుకుని గొట్టాలు నున్నగా మెరుస్తుంటే అక్కడ పని జరుగుతున్నట్టు. తుప్పు పట్టి, తీగ పాకి ఉంటే లోపల ఎన్ని చార్టులు వేలాడినా ఒకటే. మా మండలంలో గొట్టాలు మెరిసే దవాఖాన ఒకటి చూశాను. పెచ్చులూడిన గది, విరిగిన కుర్చీ, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటున్న డాక్టరు.

డాక్టరు అన్నాను గానీ మా వైపు బండి మీద సంచి వేలాడదీసుకుని వచ్చే ప్రతి మనిషీ "డాక్టర్ సారే". 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం పశువైద్యం చేయాలంటే డిగ్రీ ఉండాలి, కౌన్సిల్లో పేరు నమోదై ఉండాలి. చిన్నా చితకా చికిత్సలు మాత్రం డిప్లొమావాళ్లు, అదీ డాక్టరు పర్యవేక్షణలో చేయొచ్చు. గోపాలమిత్రలు ఎదకొచ్చిన పశువుకు కృత్రిమ గర్భధారణ సూది వేయడంలో తర్ఫీదైనవాళ్లు, ఆ పనికి వాళ్లను మించినవాళ్లు లేరు. అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగినప్పుడు మొదట ఊళ్లోకి వచ్చేది కూడా తరచూ వాళ్లే, కాబట్టి వాళ్లను చిన్నచూపు చూసే మాట నా నోట రాదు. కానీ జ్వరానికి ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు అన్నది వాళ్లను అడగడం వాళ్లకే అన్యాయం.

రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారు అన్నది కూడా పగలే అడిగి పెట్టుకోవాలి. కడుపుబ్బరం తెల్లారేదాకా ఆగదు. "రాత్రి మేం చూడం, ఫలానా చోటికి పోండి" అన్న క్లినిక్‌కు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. "ఎప్పుడైనా చేయండి సార్" అని నంబరిచ్చి తొమ్మిదింటికల్లా స్విచాఫ్ చేసుకునేవాళ్లతోనే తంటా. తెలంగాణలో 2017 నుంచి 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వచ్చే ఏర్పాటు ఉంది. పెద్ద కష్టమైతే ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి. అక్కడికి తీసుకుపోండని చెప్పడానికి వెనకాడని డాక్టరును వదులుకోవద్దు. జొన్న వేసే జహీరాబాద్ వైపువాళ్లయితే ఇంకో మాట కూడా అడగాలి: లేత జొన్న పైరు మేసి పశువు పడిపోతే విరుగుడు సోడియం థయోసల్ఫేట్ మీ దగ్గర ఉందా? ఆ విషానికి గంటల గడువు ఉండదు. మందు తెప్పిస్తామనే జవాబు అక్కడ పనికిరాదు.

ఇక మందుల సంగతి. నొప్పికి ఏం రాస్తున్నారో చీటీ చదవండి. డైక్లోఫినాక్ ఎక్కించిన పశువు కళేబరం తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని 2006లో పశువులకు దాన్ని ఆపేశారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ కూడా ఆగిపోయాయి. రాబందులకు హాని లేని మెలాక్సికామ్ ఉంది. ఇప్పటికీ మనుషుల మందుల షాపులో డైక్లోఫినాక్ తెచ్చుకోమనే చీటీ ఎవరైనా రాస్తే, ఆ చేయి ఏళ్ల తరబడి కొత్తగా ఏదీ చదవలేదన్నమాటే.

యాంటీబయాటిక్‌ల విషయంలో మన ప్రాంతానికి లోకమంతా తెలిసిన చెడ్డపేరు ఉంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం, 2007లో అచ్చయిన పరిశోధన కోసం, దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. అలాంటి నీళ్లు పారిన నేలలో క్రిములు మందుకు అలవాటు పడటం వింత కాదు. మందు ఎంత తక్కువ వాడాలో తెలిసిన డాక్టరు మాకు అందుకే కావాలి. ఆ రోజు సోడాతో సరిపెట్టిన డాక్టరమ్మకు నేను రుణపడింది అక్కడే.

మొన్న కార్తీకంలో అదే బర్రెకు పొదుగువాపు వచ్చింది. ఈసారి అమ్మే ఆమెను పిలిపించింది. డాక్టరమ్మ చిన్న నల్లటి గిన్నెలో నాలుగు చన్నుల పాలూ విడివిడిగా పిండి చూపించింది. ఒకదాంట్లో పెరుగు విరిగినట్టు తునకలు. ఈసారి యాంటీబయాటిక్ తప్పలేదు. సీసా మీది అక్షరాలు చదివి, "ఆఖరి మందు ఏసినంక మూడొద్దులు పాలు కేంద్రంల పొయ్యొద్దమ్మా. ఇంట్ల చాయకు గూడ వద్దు" అంది. పూటకు నాలుగు లీటర్లు. అమ్మ లెక్కలేసుకుంది, గొణిగింది, కేంద్రం పిలగాడికి బర్రె ఎండిపోయిందని అబద్ధం చెప్పింది.

నాలుగో నాడు పొద్దున ఐదింటికి ఫోన్ మోగింది. "బిడ్డా, మూడొద్దులంటే ఇయ్యాళ్టి పొద్దుటి పాలు పొయ్యొచ్చా, మాపటియా? ఆ డాక్టరమ్మను జర అడిగి చెప్పు. బకెట్ పట్టుకోని గడపల నిలబడ్డ."