జల్లెడలో మిగిలిన సముద్రం

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు పాయింట్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఈ జంక్షన్ నుంచి ఒక లైను టాటానగర్‌కి పోతుంది, ఇంకొకటి బాలాసోర్ మీదుగా మన విశాఖకి. పట్టాల మొన నాలుగైదు అంగుళాలు జరిగితే బండి చేరే ఊరే మారిపోతుంది. సముద్రాలకూ అలాంటి పాయింట్లున్నాయి. ఖండాలు జరిగి ఒక జలద్వారం తెరుచుకున్నా, మూసుకున్నా వేడినీటి ప్రవాహం దారి తప్పుతుంది. అప్పుడు ఒకచోట మంచు పేరుకుంటుంది, మరోచోట వానలు ముఖం చాటేస్తాయి. ఈ సంగతి నాకు తెలిసింది పట్టాలకు అవతల, హిజ్లీలో. ఒకప్పటి నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన ఐఐటీలో, ఒక మైక్రోస్కోపు కింద. నేను భూగర్భ శాస్త్రవేత్తను కాను. ఆ పని చేసే చేతులను చూసి మురిసిపోయేవాణ్ణి.

ఆ మైక్రోస్కోపు కింద ఉన్నవి ఫోరామినిఫెరా గుల్లలు. ఇవి ఏకకణ జీవులు, చాలావరకు ఇసుక రేణువంతే ఉంటాయి, సున్నంతో గుల్ల కట్టుకుంటాయి. కొన్ని పైనీటిలో తేలుతూ బతుకుతాయి, కొన్ని అడుగు బురదలో. చనిపోయాక ఆ గుల్లలు అడుగున పొరలుగా పేరుకుంటాయి. గ్లోమార్ ఛాలెంజర్, ఆ తర్వాత జాయిడిస్ రెజల్యూషన్ అనే ఓడలు ఆ పొరల్ని గొట్టాలతో తవ్వి పైకి తెచ్చాయి. ఓడల కథ ఎవరైనా చెబుతారు. ఆ బురద బల్ల మీదికి చేరాక జరిగే పని గురించే నా తపన.

పది ఘనపు సెంటీమీటర్ల బురద తీసుకుంటారు. అంటే రెండు చిన్న చెంచాలు. నీళ్లలో అర చెంచా తినే సోడా కలిపి రాత్రంతా నానబెడతారు. పొద్దున్నే సన్నటి ధార కింద 63 మైక్రాన్ల జల్లెడలో కడుగుతారు. ఆ జల్లెడ కన్ను మన తల వెంట్రుక మందమంత. ధార జోరైతే గుల్ల పగులుతుంది, తగ్గితే బంకమన్ను వదలదు. ఎంత ఒడుపు కావాలో ఆలోచించండి! ఒక్క గుల్ల కన్నులో ఇరుక్కుని తర్వాతి నమూనాలో పడితే లక్షల ఏళ్లు కలగాపులగమైపోతాయి. అందుకే ప్రతి కడుగుకీ మధ్య జల్లెడను మిథిలీన్ బ్లూ రంగునీళ్లలో ముంచుతారు. పాత గుల్ల ఏదైనా మిగిలితే నీలంగా కనబడి దొరికిపోతుంది. ఈ ఉపాయం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, చేతులెత్తి మొక్కాలి.

తర్వాత సన్నని సెగన ఆరబెట్టి, సగానికి సగం విడగొడుతూ మూడు వందల గుల్లలు మిగిలేదాకా వస్తారు. అప్పుడు మొదలవుతుంది ఏరడం. మూడు సున్నాల నంబరు కుంచె మొన తడిపి, గుల్లను అంటించి లేపి, నల్లటి స్లైడు మీద అరవై గళ్లలో దాని గడిలో దించుతారు. మా అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతుంటే చూపు ఒకవైపు, మాట ఒకవైపు ఉండేవి. అయినా రాయి తప్పించుకునేది కాదు. చేయి తిరిగిన పరిశోధకుల కన్నూ అంతే. గదులెన్ని, చుట్టు కుడివైపా ఎడమవైపా, నోరు ఎక్కడుంది: క్షణంలో తేల్చేస్తారు.

మన దేశంలో ఈ విద్యకు పెద్దదిక్కు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన ఎం.ఎస్. శ్రీనివాసన్ గారు. 1983లో జేమ్స్ కెనెట్‌తో కలిసి ఆయన తెచ్చిన అట్లాసు ఈ రంగంలో నిఘంటువు లాంటిది. 1998లో దేవేశ్ సిన్హాతో కలిసి ఆయన చేసిన పని చూడండి. పుల్లెనియాటినా స్పెక్టబిలిస్ అనే జాతి పసిఫిక్ బురదలో దొరుకుతుంది. హిందూ మహాసముద్రపు బురదలో లేదు. ఎందుకు లేదు? ఆ జాతి పుట్టేనాటికే, అంటే సుమారు 52 లక్షల ఏళ్ల క్రితమే, ఇండోనేషియా ద్వారం దాటలేనంతగా ఇరుకైపోయింది గనక! ఉన్నదాన్ని చూసి ఎవరైనా చెబుతారు, లేనిదాన్ని చూసి చెప్పడం పాండిత్యం. ఆ తర్వాత 2001లో మార్క్ కేన్, పీటర్ మోల్నార్ ఇంకో మెట్టు ఎక్కారు. న్యూ గినీ ఉత్తరానికి జరగడంతో దక్షిణ పసిఫిక్ వేడినీటి బదులు ఉత్తర పసిఫిక్ చల్లనీరు ఇటు రావడం మొదలైందని, 30, 40 లక్షల ఏళ్ల నాడు తూర్పు ఆఫ్రికా ఎండిపోవడానికి అదే నాంది అని వాదించారు.

మా ఖరగ్‌పూర్ ఘనుడు అనిల్ కుమార్ గుప్తా గారు. ఒమన్ తీరపు బురదలో గ్లోబిజెరినా బుల్లాయిడిస్ గుల్లలు లెక్కపెట్టారు. నైరుతి గాలి జోరుగా వీస్తే అక్కడ కింది నీరు పైకొచ్చి ఈ జాతి విజృంభిస్తుంది. ఉత్తర అట్లాంటిక్ చల్లబడినప్పుడల్లా మన రుతుపవనం నీరసించిందని ఆండర్సన్, ఓవర్‌పెక్‌లతో కలిసి 2003లో నేచర్ పత్రికలో చూపించారు. అదే ఏడాది ఎలెన్ థామస్‌తో కలిసి, ఉత్తరార్ధగోళంలో హిమయుగాలు మొదలవడానికీ మన ఈశాన్య రుతుపవనం బలపడటానికీ ఉన్న లంకెను హిందూ మహాసముద్రపు అడుగు గుల్లల్లో పట్టుకున్నారు. నెల్లూరు వానల పూర్వచరిత్ర ఆ స్లైడ్లలో ఉంది.

ఇక అంటార్కిటికా. సుమారు 3.4 కోట్ల ఏళ్ల క్రితం అక్కడ మంచు ఖండమంత పరుచుకుంది. ఆస్ట్రేలియా విడిపోయి టాస్మేనియా ద్వారం, దక్షిణ అమెరికా కొస దగ్గర డ్రేక్ ద్వారం తెరుచుకుని, చుట్టుప్రవాహం ఆ ఖండాన్ని వేడినీటి నుంచి వేరు చేసిందని 1977లో కెనెట్ చెప్పాడు. ఆ ప్రవాహం సెకనుకు 13 కోట్ల ఘనపు మీటర్లకు తక్కువ కాదు. 1986 గోదావరి వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది కదా, అలాంటివి పదమూడు వందలు ఒక్కసారి పారినట్టు! 2003లో డికాంటో, పొలార్డ్ కంప్యూటర్ లెక్కలు వేసి, అసలు కారణం బొగ్గుపులుసు వాయువు తగ్గడమే, ద్వారాలది చిన్న పాత్ర అన్నారు. డ్రేక్ ద్వారం వయసు మీద తగువు తీరనేలేదు. నేను ద్వారాల పక్షమే. కానీ ఎటు తేలినా గెలిచేది గుల్లే. ఆ నాటి బొగ్గుపులుసు వాయువు లెక్క తీసింది కూడా గుల్లల్లోని బోరాన్ నుంచే మరి.

నా మంట ఇక్కడే. ఒక సదస్సులో ఓ కుర్రవాడు రంగురంగుల గ్రాఫులు చూపించాడు. "ఈ జాతిని కంటితో చూశావా బాబూ?" అని అడిగాను. "లేదండీ, డేటా డౌన్‌లోడ్ చేశాను" అన్నాడు. ఎవరో కళ్లు కాయలు కాచేలా ఏరితే వీళ్లు గీతలు గీసుకుంటున్నారు! ఏరే ఓపిక లేదు, పోల్చే చూపు లేదు, పేరు మాత్రం తొందరగా కావాలి. ఒక జాతి పేరు తప్పు పడితే దాని మీద కట్టిన లెక్కంతా బుగ్గే. యంత్రం గుర్తుపడుతుంది కదా అంటారు. 2019లో వచ్చిన ఎండ్‌లెస్ ఫోరామ్స్ సంకలనంలో 34 వేలకు పైగా గుల్లల బొమ్మలున్నాయి. యంత్రానికి పాఠం చెప్పాలని వాటికి పేర్లు పెట్టింది నిపుణులైన మనుషులే. ఆ మనుషులు లేకపోతే రేపు యంత్రానికి తప్పని చెప్పేదెవరు? ఒక ఆచార్యుడు రిటైరైతే ఆయన జీవితకాలం ఏరిన స్లైడ్ల పెట్టె ఏ మెట్ల కిందో దుమ్ముకొట్టుకుపోవడం ఎంత దారుణం! 2006లో మన కృష్ణా గోదావరి తీరాన కూడా తవ్విన జాయిడిస్ రెజల్యూషన్ 2024లో పని చాలించింది. కొత్త బురద రావడమే కష్టమైన రోజుల్లో ఉన్న స్లైడ్లను పారేసుకుంటామా?

కాలేజీల పెద్దలారా, ఆ పెట్టెలు దించండి, పేర్లు రాయించండి, ఒక జల్లెడ, ఒక కుంచె, ఒక మైక్రోస్కోపు పిల్లల చేతికివ్వండి. అమ్మలారా, అయ్యలారా, కౌన్సెలింగులో కంప్యూటర్ సైన్స్ రాలేదు, ఖరగ్‌పూర్‌లో జియాలజీ వచ్చిందని మీ ఇంట్లో దిగులుపడుతుంటే, సీటు వదులుకోకముందు పిల్లను ఒక్కసారి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి.